గోదావరి చేపల పొడవు–బరువు సమీకరణంలో ‘బి’ విలువ 3 కంటే తగ్గితే నది బాగోలేదని రాయవచ్చా?

ప్రశ్న: గౌతమి తీరం

అందరికీ నమస్కారం. నేను జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం రాజమహేంద్రవరం, ధవళేశ్వరం రేవుల్లో మత్స్యకారులు తెచ్చే చేపల పొడవును, బరువును నమోదు చేస్తున్నాను. శీలావతి, వాలుగ, బొమ్మిడాయి అనే మూడు రకాలను ఎంచుకున్నాను. పొడవును సెంటీమీటర్లలోనూ బరువును గ్రాములలోనూ తీసుకొని, బరువు = ఏ × (పొడవు)^బి అనే సమీకరణానికి రెండు వైపులా సంవర్గమానాలు (లాగరిథమ్‌లు) కట్టి, వచ్చిన బిందువులకు సరళరేఖను అమర్చాను. ఆ రేఖ వాలే ‘బి’ అని, అది నిలువు అక్షాన్ని ఖండించే చోటు నుంచి ‘ఏ’ వస్తుందని పాఠ్యపుస్తకంలో చదువుకున్నదే.

శీలావతికి ‘బి’ విలువ 2.7 దగ్గర, బొమ్మిడాయికి 3.2 దగ్గర వచ్చాయి. వాలుగకు దాదాపు 3 వచ్చింది. శీలావతి విషయంలోనే నాకు సందేహం కలుగుతోంది. ‘బి’ 3 కంటే తక్కువ ఉంటే చేపకు తిండి చాలడం లేదని, కాబట్టి నది పరిస్థితి క్షీణించిందని నివేదికలో ధైర్యంగా రాయవచ్చని ఒక చర్చలో ఒకరు సూచించారు. రాయడం తేలికే కానీ, నా దగ్గరున్న అంకెలు అంత పెద్ద మాటను మోయగలవా అన్నది నాకు తెలియడం లేదు.

ఇంకొక విషయం కూడా ఉంది. నా కొలతల్లో కొన్ని వేసవిలో నీరు తగ్గినప్పటివి, కొన్ని వరద వచ్చాక తీసినవి. వాటిని కలిపి ఒకే సమీకరణంగా ఇవ్వవచ్చా, లేక విడదీయాలా? పాత పరిశోధన పత్రాల్లోని విలువలతో నా విలువలను పోల్చడానికి సరైన పద్ధతి ఏమిటి? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం: చెరువుగట్టు మాష్టారు

గౌతమి తీరం గారూ, మీ సందేహం సరైనదే. ఆ వాక్యాన్ని నివేదికలో రాయకండి. ఎందుకు రాయకూడదో కొంచెం విపులంగా చెబుతాను.

చేప పెరుగుతున్నంత కాలం దాని ఆకారం మారకుండా, సాంద్రత మారకుండా ఉంటే, పొడవు రెండింతలైనప్పుడు బరువు ఎనిమిదింతలు కావాలి. ‘బి’ 3 కావడమంటే అర్థం ఇంతే. ‘బి’ 3 కంటే తక్కువ వచ్చిందంటే, మీరు కొలిచిన చేపల్లో పెద్దవి చిన్నవాటితో పోలిస్తే పొడవుకు తగ్గ ఒళ్లు లేకుండా ఉన్నాయని మాత్రమే తెలుస్తుంది. అది రెండు రకాలుగా జరగవచ్చు. ఆ జాతి పెరిగేకొద్దీ సాగుడు ఆకారం తీసుకునే స్వభావం కలదై ఉండవచ్చు, లేదా మీరు కొలిచిన రోజుల్లో చిన్న చేపలు బాగా మేసి బొద్దుగా ఉండి, పెద్దవి గుడ్లు విడిచి చిక్కి ఉండవచ్చు. రెండో సందర్భంలో ఆ అంకె మీరు వెళ్లిన నెలను గురించి చెబుతుందే గాని, జాతిని గురించి గాని, నదిని గురించి గాని చెప్పదు.

ఒక్క ‘బి’ని పట్టుకొని తీర్పు చెప్పడం ఎంత ప్రమాదమో చూపడానికి ఊహా సంఖ్యలతో ఒక లెక్క వేద్దాం. ఒకే జాతికి వేసవిలో ‘ఏ’ 0.02, ‘బి’ 2.8 వచ్చాయనుకోండి. వరద కాలంలో ‘ఏ’ 0.008, ‘బి’ 3.1 వచ్చాయనుకోండి. 20 సెం.మీ. చేప బరువు మొదటి సమీకరణం ప్రకారం 88 గ్రాములు, రెండో దాని ప్రకారం 86 గ్రాములు అవుతుంది. అంటే ఆ పరిమాణం దగ్గర రెండు కాలాలకూ తేడా లేనట్టే. 10 సెం.మీ. పిల్ల దగ్గరకు వస్తే వేసవి చేపే బరువైనది: 12.6 గ్రాములకు ఎదురుగా 10 గ్రాములు. 40 సెం.మీ. చేప దగ్గర పరిస్థితి తలకిందులై 612 గ్రాములకు ఎదురుగా 740 గ్రాములు వస్తాయి. ‘బి’ తక్కువగా ఉన్న వేసవిలో చేపలన్నీ చిక్కిపోయాయని అనడం ఈ ఉదాహరణలో పిల్లల విషయంలో పూర్తిగా అబద్ధమవుతుంది. ‘ఏ’, ‘బి’ ఒకదానితో ఒకటి ముడిపడిన విలువలు. రేఖ వాలు తగ్గితే అది అక్షాన్ని తాకే చోటు పైకి జరుగుతుంది. అందువల్ల రెండు సమీకరణాలను పోల్చదలచినప్పుడు, మీ కొలతల పరిధిలోని రెండు మూడు పొడవులను ఎంచుకొని, ఆ పొడవుల దగ్గర ఒక్కొక్క సమీకరణం ఎంత బరువు చెబుతుందో పక్కపక్కన పెట్టి చూడాలి. పాత పత్రాలతో పోల్చడానికి కూడా నేను ఈ పద్ధతినే నమ్ముతాను.

జర్మనీకి చెందిన మత్స్య శాస్త్రవేత్త రైనర్ ఫ్రోజె 2006లో 1773 చేప జాతులకు సంబంధించిన 3929 పొడవు–బరువు సమీకరణాలను సమీక్షించినప్పుడు, ‘బి’ సగటు 3.03గా తేలింది. సాధారణంగా అది 2.5కూ 3.5కూ మధ్య ఉంటుందన్న పాత అంచనా కూడా ఆ సమీక్షలో నిలబడింది. కాబట్టి 2.7 అసహజమైన విలువ కాదు. మీ బొమ్మిడాయికి 3.2 రావడం కూడా అంతే. పాములాంటి ఒళ్లున్న చేపలకు ‘ఏ’ చాలా చిన్నదిగా, సుమారు 0.001 దగ్గర ఉంటుంది. నడుమ లావై రెండు చివరలా సన్నబడే చేపలకు 0.01 చుట్టుపక్కల ఉంటుంది. మీ మూడు రకాలను ఒకదానితో ఒకటి పోల్చేటప్పుడు ఈ ఆకార భేదాన్ని మరవకండి. బొమ్మిడాయి ‘బి’ ఎక్కువ, శీలావతి ‘బి’ తక్కువ అన్నంత మాత్రాన బొమ్మిడాయికే తిండి బాగా దొరుకుతోందని ఎవరూ అనలేరు కదా.

ఇక కాలాల విషయం. ఉష్ణమండల నదుల్లో చేప ఒంటిని నడిపేది చలి, ఎండల కంటే ఎక్కువగా వరదే. అమెజాన్ నది ఆధారంగా జంక్, బేలీ, స్పార్క్స్ అనే శాస్త్రవేత్తలు 1989లో ప్రతిపాదించిన వరద స్పందన సిద్ధాంతం సారాంశం ఇదే. నీరు గట్టు దాటి పల్లపు నేలల్లోకి పారినప్పుడు తిండి విస్తరిస్తుంది, పిల్లలకు దాగే చోటు దొరుకుతుంది. నీరు తీసినప్పుడు చేపలు నది గర్భానికి, మడుగులకు కుదించుకుపోతాయి. ఆగ్నేయాసియాలోని మెకాంగ్ నదిలోనూ ఇదే లయ కనిపిస్తుంది. అయితే వేటాడి తినే చేపలకు నీరు తగ్గే కాలమే విందు కావచ్చు, ఎందుకంటే ఎర చేపలు ఒకచోట ఇరుక్కుంటాయి. శీలావతికీ వాలుగకూ ఒకే రుతువు ఒకే ఫలితం ఇస్తుందని అందుకే అనుకోకూడదు. గోదావరికి జూలై నుంచి అక్టోబరు వరకు వరద ఉంటుంది. శీలావతి వంటి కార్పు చేపలు గుడ్లు పెట్టేది కూడా ఆ వానల కాలంలోనే. వరదకు ముందు ఆడ చేప పొట్ట నిండా గుడ్లతో ఉంటుంది, కొద్ది వారాలకే ఆ బరువంతా నీటిలో కలిసిపోతుంది. ఆ రెండు స్థితుల్లోని చేపలను ఒకే గుంపుగా కలిపితే ఏ స్థితికీ చెందని రేఖ వస్తుంది. విడదీయండి. ఆడ, మగ తేడా గుర్తించగలిగిన పరిమాణంలో ఉంటే దానిని కూడా విడిగా రాయండి.

సమాధానం: రేవు కొలతలు

మాష్టారు గారు చెప్పిన దానితో ఏకీభవిస్తున్నాను. నేను చాలాకాలం రేవుల్లో చేపలను కొలిచిన ఉద్యోగిని. అంకెలు కంప్యూటర్‌లోకి చేరకముందే ‘బి’ని వంచే విషయాలు ఉన్నాయి, వాటిని గురించి రాస్తాను.

అన్నింటికంటే ముందు అడగవలసింది, ఆ చేప ఏ వలలో పడిందని. చేప మొప్పల దగ్గర చిక్కుకునే వలకు ఒక కన్ను పరిమాణం ఉంటుంది, అది ఒక మేరకు చుట్టుకొలత ఉన్న చేపనే పట్టి ఉంచుతుంది. పొడవు తక్కువ ఉన్న చేపల్లో సన్నవి ఆ కన్నులోంచి జారిపోతాయి, బొద్దువి మాత్రమే మిగులుతాయి. పొడవు ఎక్కువ ఉన్నవాటిలో బొద్దువి తల దూర్చలేక తప్పించుకుంటాయి, సన్నవి మాత్రమే చిక్కుతాయి. అలాంటి వల ఒక్కటే వాడిన పడవ దగ్గర కొలిస్తే చిన్నవన్నీ లావుగా, పెద్దవన్నీ బక్కగా కనిపించి, నదిలోని చేపలతో నిమిత్తం లేకుండా ‘బి’ 3 కంటే కిందికి దిగుతుంది. మీ శీలావతి విలువ తగ్గడానికి ఇదే కారణమని నేను తీర్పు చెప్పడం లేదు కానీ, దానిని కొట్టివేయకుండా నది ఆరోగ్యం దాకా పోవడం న్యాయం కాదు. విసురు వలలో, లాగుడు వలలో పడిన చేపలను కూడా చేర్చండి. ప్రతి చేప వరుసలోనూ వల రకం, కన్ను కొలత రాసుకోండి.

శీలావతి విషయంలో ఇంకొక జాగ్రత్త అవసరం. ఆంధ్రప్రదేశ్ చెరువుల్లో పెంచే చేపల్లో శీలావతి, బొచ్చెలదే పెద్ద వాటా. కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు చెరువుల్లో నూనె తీసిన తవుడు మేసి పెరిగిన చేప ఒళ్లు వేరు, ప్రవాహానికి ఎదురీదుతూ పెరిగిన నది చేప ఒళ్లు వేరు. బజారులో ఈ రెండూ ఒకే బల్ల మీద ఉంటాయి, అమ్మేవారు దేనినైనా గోదావరి చేపనే అంటారు. అందువల్ల పడవ నుంచి దిగుతున్నప్పుడు మీ కళ్లముందు వలలోంచి తీసిన చేపను తప్ప మరొక దానిని లెక్కలోకి తీసుకోకండి.

పొడవు కొలిచే తీరును కూడా నివేదికలో స్పష్టంగా చెప్పాలి. మూతి కొస నుంచి తోక రెక్క చివర వరకు కొలిస్తే మొత్తం పొడవు. తోక చీలిక లోపలి అంచు వరకు కొలిస్తే చీలిక పొడవు. తోక రెక్క మొదలయ్యే చోటు వరకు కొలిస్తే ప్రామాణిక పొడవు. తోక రెక్క చిరిగిన చేప విషయంలో మొత్తం పొడవు నమ్మదగినది కాదు. అదే చేపకు ప్రామాణిక పొడవు తీసుకుంటే ‘ఏ’ పెద్దదవుతుంది, ఎందుకంటే అంతే బరువును తక్కువ పొడవు మోయాలి. పాత పత్రంలో పొడవు మిల్లీమీటర్లలో ఉంటే ‘ఏ’ విలువ గుర్తుపట్టలేనంత చిన్నదై కనిపిస్తుంది. సెంటీమీటర్లలో ‘ఏ’ 0.01, ‘బి’ 3 అయితే, మిల్లీమీటర్లలో ‘ఏ’ 0.00001 అవుతుంది. పోల్చే ముందు ఈ రెండూ సరిచూడకపోతే మిగతా శ్రమంతా వృథా.

బరువు దగ్గర వాలుగతో జాగ్రత్త పడండి. అది తనకంటే కాస్త చిన్న చేపలను మింగే రకం. కడుపులో అరగని ఎర ఉంటే ఆ బరువు కూడా మీ తక్కెడలో పడుతుంది. వీలైతే పేగులు తీశాక వచ్చే బరువును మరొక నిలువు వరుసలో రాసుకోండి, గుడ్ల బరువు ప్రభావం కూడా అప్పుడు తొలగిపోతుంది. ఫార్మలిన్‌లో ఉంచిన చేప పొడవు కొంత కుదించుకుపోతుంది, బరువు కూడా మారుతుంది, కాబట్టి తాజా చేపలను, నిలవ చేపలను ఒకే పట్టికలో కలపకండి. కొలిచే ముందు ఒంటి మీది నీటిని గుడ్డతో అద్దడం మరవకండి. బొమ్మిడాయి వంటి తేలికైన చేపకు ఆ తడి కూడా లెక్కలోకి వచ్చే బరువే.

సమాధానం: అంకెలు–అర్థాలు

గణాంకశాస్త్రం వైపు నుంచి కొన్ని మాటలు. మీరు ‘బి’ 2.7 అని రాశారు గాని, దాని ప్రామాణిక దోషం, అంటే ఆ అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే కొలత, రాయలేదు. అది లేకుండా 2.7కూ 3కూ తేడా ఉందో లేదో ఎవరూ చెప్పలేరు. ‘బి’లోంచి 3 తీసివేసి ప్రామాణిక దోషంతో భాగిస్తే టి విలువ వస్తుంది. దోషం 0.2 అనుకుంటే టి పరిమాణం 1.5 మాత్రమే. 95 శాతం విశ్వాస అంతరం ఇంచుమించు 2.3 నుంచి 3.1 వరకు పరుచుకొని, 3ను తనలోనే ఇముడ్చుకుంటుంది. అదే దోషం 0.05 అయితే తేడా నిజమైనదని ఒప్పుకోవాలి. మీరు ముందుగా చేయవలసిన పని ఈ లెక్కే.

దోషం తగ్గాలంటే చేపల సంఖ్య పెంచాలని అందరూ అంటారు. సంఖ్యతో దోషాన్ని సగానికి తేవాలంటే నాలుగింతల చేపలు కావాలి. పొడవుల వ్యాప్తిని, అంటే పొడవుల సంవర్గమానాల ప్రామాణిక విచలనాన్ని, రెండింతలు చేస్తే ఉన్న సంఖ్యతోనే దోషం సగమవుతుంది. అందుకే 25 నుంచి 35 సెం.మీ. మధ్య చేపలనే కుప్పగా కొలవడం కంటే, పిల్లల నుంచి పెద్ద చేపల వరకు ప్రతి పరిమాణ వర్గం నుంచి కొన్నింటిని తీసుకోవడం మేలు. అయితే మరీ చిన్న పిల్లల ఆకారం పెద్దవాటి ఆకారానికి పూర్తిగా వేరుగా ఉంటుంది కనుక వాటిని ఈ రేఖలోకి తేకండి.

చాలామంది నిర్ణయ గుణకం (రేఖ బిందువులకు ఎంత దగ్గరగా కుదిరిందో చెప్పే ఆర్-స్క్వేర్) 0.95 దాటగానే సంతృప్తి పడతారు. పొడవుల పరిధి విశాలంగా ఉంటే ఆ గుణకం దానంతట అదే పెద్దదవుతుంది. రేఖ సరైనదని అది నిరూపించదు. సంవర్గమానాల గ్రాఫును కళ్లతో చూడండి. రేఖకు చాలా దూరంగా పడిన బిందువు చాలాసార్లు రాసుకోవడంలో జరిగిన పొరపాటో, జాతిని గుర్తించడంలో తప్పో అయి ఉంటుంది.

సంవర్గమానాల నుంచి గ్రాములకు తిరిగి వచ్చేటప్పుడు రేఖ సగటు బరువును కాస్త తక్కువగా చూపుతుంది. సహజ సంవర్గమానాలు వాడినట్లయితే అవశేష విస్తృతిలో (రేఖ చుట్టూ బిందువుల చెదురుబాటు కొలతలో) సగాన్ని, ఆ సంవర్గమానాల ఆధార సంఖ్య ‘ఇ’ మీద ఘాతాంకంగా వేసి ఫలితాన్ని గుణిస్తే అది సరిపోతుంది. చెదురుబాటు తక్కువగా ఉండే ఈ రకం దత్తాంశంలో ఆ సవరణ సాధారణంగా ఒకటి రెండు శాతమే, కానీ మొత్తం దిగుబడి అంచనా వేసేటప్పుడు వదలకూడదు. కాలాల మధ్య, లింగాల మధ్య వాలులు నిజంగా వేరా అన్నది తేల్చడానికి సహవిస్తృతి విశ్లేషణ (గుంపుల రేఖలను పోల్చే గణాంక పరీక్ష, ఆంకోవా) వాడండి. రెండు రేఖలను పక్కపక్కన గీసి కంటికి తేడా ఉందనిపించడం చాలదు.

తిరుగు ప్రశ్న: గౌతమి తీరం

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. నా శీలావతి కొలతల్లో అత్యధిక భాగం ఒకే రకం వల నుంచి వచ్చినవేనని ఇప్పుడు చూసుకున్నాను. విసురు వల వాడే వారి దగ్గరకు కూడా వెళతాను. మరి, చేప ఒంటి స్థితిని నెలనెలా చూపాలంటే 100 × బరువు ÷ పొడవు ఘనం అనే స్థితి గుణకం వాడవచ్చా? అలాగే పులస ధవళేశ్వరం వరకు వస్తుంది కదా, దానిని నాలుగో జాతిగా చేర్చవచ్చా?

సమాధానం: చెరువుగట్టు మాష్టారు

మీరు చెప్పినది ఫుల్టన్ గుణకం. అది ‘బి’ సరిగ్గా 3 అన్న ఊహ మీద నిలిచి ఉంది. ‘బి’ 2.8 ఉన్న జాతిలో, అన్నీ సమానంగా ఆరోగ్యంగా ఉన్నా, 40 సెం.మీ. చేప గుణకం 20 సెం.మీ. చేప గుణకం కంటే 13 శాతం తక్కువగా వస్తుంది. ‘బి’ 3.1 అయితే 7 శాతం ఎక్కువగా వస్తుంది. ఒక నెలలో పెద్దవి, మరో నెలలో చిన్నవి దొరికితే మీ పటంలో కనిపించే ఎగుడుదిగుళ్లు పరిమాణానివే గాని, ఒంటి స్థితివి కావు. దాదాపు ఒకే పొడవున్న చేపల మధ్య మాత్రం దానిని నిశ్చింతగా వాడవచ్చు.

ఈ ఇబ్బందిని తప్పించడానికే ఇంగ్లండ్‌లోని విండర్‌మియర్ సరస్సులో పెర్చ్ చేపల మీద పనిచేసిన లె క్రెన్ 1951లో సాపేక్ష స్థితి గుణకాన్ని ప్రవేశపెట్టారు. చేప అసలు బరువును, అదే పొడవుకు మీ సమీకరణం చెప్పే బరువుతో భాగించాలి. ఒకటి కంటే ఎక్కువ వస్తే ఆ చేప మీ దత్తాంశపు సగటు కంటే పుష్టిగా ఉన్నట్టు. నెలనెలా చూపడానికి ఇదే వాడండి. దీనికి మాత్రం నేను కాలాలన్నీ కలిపి ఒకే సమీకరణం కట్టమంటాను. నిన్న విడదీయమని చెప్పి ఇప్పుడు కలపమంటున్నానని అనుకోవద్దు. అక్కడ ఉద్దేశం ప్రతి కాలంలోని ఆకారాన్ని వర్ణించడం, ఇక్కడ ఉద్దేశం అన్ని నెలలనూ ఒకే కొలబద్దతో చూడడం. ప్రతి నెలకూ వేరే సమీకరణం వాడితే ప్రతి నెల సగటూ ఒకటి దగ్గరకే వచ్చి, మీరు చూడదలచిన మార్పు మాయమవుతుంది. ఇదే కారణం చేత మీ గుణకాన్ని మరొక నది సమీకరణంతో లెక్కించిన గుణకంతో నేరుగా పోల్చకండి.

పులసను చేర్చవద్దని నా సలహా. వరద నీటిలో సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురీదివచ్చేవి గుడ్లు పెట్టే దశకు చేరిన పెద్ద చేపలే కనుక, మీకు దొరికే పొడవుల పరిధి ఇరుకుగా ఉంటుంది. అంకెలు–అర్థాలు గారు చెప్పిన కారణంగానే ‘బి’ ఎటైనా ఊగుతుంది. పైగా ఆ చేప ప్రయాణంలో సరిగా మేయదు. ఒంట్లోని కొవ్వును ఖర్చు చేస్తూ, గుడ్లను మోస్తూ వస్తుంది. అటువంటి చేప బరువుకు అర్థం చెప్పాలంటే నదీముఖం దగ్గర కొన్నింటిని, ఆనకట్ట దగ్గర కొన్నింటిని ఒకే పొడవు వర్గంలో కొలిచి పోల్చాలి. అది వేరే ప్రాజెక్టు, దాని ధరను బట్టి చూస్తే ఖర్చు కూడా మీ స్థాయికి మించినది. దాని బదులు రేవులో విరివిగా దొరికే పరిగెలను తీసుకోండి, చిన్నవి, పెద్దవి అన్ని పొడవుల్లోనూ దొరుకుతాయి.

ఈ పని చిన్నదని మాత్రం అనుకోకండి. ఉష్ణమండలంలో చేప పెరుగుదలకు చలికాలపు ఆటంకం లేనందువల్ల పొలుసుల మీది వలయాలు చూసి చేప వయసు చెప్పడం చల్లని దేశాల్లో ఉన్నంత తేలిక కాదు. అందుకే ఇక్కడ చేపల రాశి అంచనాలు చాలావరకు పొడవు కొలతల మీదే నడుస్తాయి. ఆ పొడవులను కిలోల్లోకి మార్చేది మీరు కట్టే ఈ సమీకరణమే. కాబట్టి నివేదికలో ప్రతి జాతికీ చేపల సంఖ్య, అతి చిన్న, అతి పెద్ద పొడవులు, పొడవు రకం, వల, నెలలు, ‘ఏ’, ‘బి’, వాటి విశ్వాస అంతరాలు ఇవ్వండి. మీరు కొలిచిన పరిధికి బయట సమీకరణాన్ని వాడవద్దని ఒక వాక్యం తప్పక చేర్చండి.